రోళ్లు పగిలే ఎండలో సోలార్ కరెంటు ఎందుకు తగ్గుతుంది?

గంగమ్మ జాతర ముగిసి పది రోజులయింది. రోహిణి కార్తె వచ్చేసింది. పొద్దున పదకొండు దాటితే తిరుపతి వీధుల్లో మనిషి జాడ కనిపించని రోజులవి. మా పక్కింటి పెద్దమ్మ ఒకసారి మిద్దె మీదికి రమ్మని కబురు పెట్టింది. ఫిబ్రవరిలో పెట్టించుకున్న 3 కిలోవాట్ల సోలార్ గురించి ఆమెకొక అనుమానం. చేతిలో ఫోను, అందులో రోజువారీ యూనిట్ల లెక్క.

"మార్చి నెలంతా రోజుకు పద్నాలుగు దాకా వచ్చినాయి నాయనా. ఇప్పుడు చూడు, పన్నెండు కూడా దాటడం లే. ఎండేమో మండిపోతా ఉంది. మిషను చెడిపోయిందా, లేకుంటే మనల్ని మోసం చేసినారా?"

సోలార్ గురించి నేను విన్న ప్రశ్నల్లో ఇంతకంటే మంచిది లేదు. ఎండ పెరిగితే కరెంటు పెరగాలి కదా అన్నది ఎవరికైనా తోచే లెక్కే. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఆ నల్లటి గాజు పలక లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఎండ అనే ఒక్క మాటలో మనం రెండింటిని కలిపేసి మాట్లాడతాం. ఒకటి వెలుగు, రెండోది వేడి. "ఎండలో నిలబడొద్దు" అంటే వేడి గురించి, "ఎండ పొడ పడటం లేదు" అంటే వెలుగు గురించి. చిక్కుముడి అక్కడే పడింది. దానికితోడు, ఎండ వేడిని వాడుకునే పరికరాలు మన ఊరికి చాలాకాలంగా అలవాటు. తిరుమల నిత్యాన్నదానం కోసం 2002లో 106 పెద్ద అద్దాల డిష్‌లు బిగించారు. సూర్యుడి వైపు తిరుగుతూ వేడినంతా ఒకచోటికి చేర్చి, నీటిని ఆవిరిగా మార్చి, రోజుకు 15 వేల మందికి వండగలిగేలా కట్టిన ఏర్పాటది. లాడ్జీల మిద్దెల మీద గాజు గొట్టాల వాటర్ హీటర్లూ ఆ జాతివే. వాటికి వేడే సరుకు, ఎంత కాగితే అంత మంచిది. కరెంటు ఇచ్చే సోలార్ ప్యానెల్ ఆ జాతి కాదు. దానికి కావలసింది వెలుగు. వేడి దానికి శత్రువు.

వెలుగు ఏటి నీళ్లలా ధారగా వచ్చి పడుతుందని అనిపిస్తుంది గానీ, నిజానికి అది చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. వాటి పేరు ఫోటాన్లు. ఒక్కో రంగు ఫోటాన్‌లో ఒక్కో మోతాదు శక్తి ఉంటుంది. నీలం వెలుగులో ఎక్కువ, ఎరుపులో తక్కువ, కంటికి కనపడని పరారుణంలో ఇంకా తక్కువ. ప్యానెల్‌లో వెలుగును పట్టే ఒక్కో బిళ్లను సెల్ అంటారు, దాన్ని సిలికాన్‌తో చేస్తారు. సిలికాన్ స్ఫటికంలో ప్రతి పరమాణువూ చుట్టూ ఉన్న నాలుగు పరమాణువులతో చేతులు కలిపి నిలబడుతుంది. ఆ చేతుల్లో ఉన్న ఎలక్ట్రాన్లు కట్టేసిన ఆవుల్లాంటివి, ఉన్నచోటు వదలవు. ఒక ఎలక్ట్రాన్‌ను ఆ కట్టు నుంచి విడిపించాలంటే 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి (ఇంత చిన్న శక్తిని కొలిచే కొలత అది). ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే సిలికాన్ సెల్ కథ సగం తెలిసినట్టే.

దీన్ని 112 రూపాయల టికెట్టు అనుకుందాం. చేతిలో 95 రూపాయలున్న పరారుణ ఫోటాన్ వచ్చింది. టికెట్టు దొరకదు. అది సిలికాన్‌ను దాటి వెనక్కి పోతుంది. 191 రూపాయలున్న ఎరుపు ఫోటాన్ వచ్చింది. టికెట్టు దొరికింది, కానీ ఈ కౌంటర్లో చిల్లర ఇవ్వరు. మిగిలిన 79 రూపాయలు వేడిగా మారి పలకనే కాలుస్తాయి. 276 రూపాయలున్న నీలం ఫోటాన్‌కైతే 164 రూపాయలు పోతాయి. నీలం ఫోటాన్ ఎంత బలమైనదైనా విడిపించేది ఒక్క ఎలక్ట్రాన్‌నే. ఇలా సూర్యుడు పంపిన శక్తిలో దాదాపు అయిదో వంతు టికెట్టుకు చాలక పోతుంది, మూడో వంతు దాకా చిల్లర రూపంలో వేడైపోతుంది. 1961లో విలియం షాక్లీ, హాన్స్ క్వీసర్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి నష్టాలన్నీ లెక్కగట్టి, ఒకే పదార్థంతో చేసిన సెల్‌కు ప్రకృతి గీసిన గీత ఎక్కడుందో చూపించారు. తర్వాత వచ్చిన మరింత నికరమైన లెక్కల ప్రకారం సిలికాన్‌కు ఆ గీత 29 శాతం పైచిలుకు దగ్గర ఉంది. "పడిన వెలుగులో కరెంటయ్యేది నూటికి ఇరవై రెండేనా?" అని ప్యానెల్‌ను చిన్నచూపు చూసేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. అది 100లో 22 కాదు, 29లో 22.

ఎలక్ట్రాన్ విడిపోయినంత మాత్రాన కరెంటు రాదు. దాన్ని అలా వదిలేస్తే కాసేపు తిరిగి, ఖాళీ అయిన చోటులోకే మళ్లీ పడిపోతుంది. వచ్చిన శక్తి వేడిగా పోతుంది. దాన్ని ఒక దారిన పంపించాలి. ఈ పని ఎలా జరుగుతుందో చెప్పడానికి మన కొండ దారులకు మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. తిరుమలకు బస్సులు ఒక ఘాట్ రోడ్డులో ఎక్కుతాయి, ఇంకో ఘాట్ రోడ్డులో దిగుతాయి. ఎక్కిన దారిన దిగనివ్వరు. సిలికాన్ సెల్‌లో ఆ కట్టుబాటు చేసేది పి-ఎన్ జంక్షన్. సిలికాన్ పలకలో ఒక వైపు అతి కొద్దిగా బోరాన్ లేదా గాలియం కలుపుతారు, అక్కడ ఎలక్ట్రాన్ల కొరత ఏర్పడుతుంది. ఇంకో వైపు ఫాస్ఫరస్ కలుపుతారు, అక్కడ ఎలక్ట్రాన్లు ఎక్కువవుతాయి. ఈ రెండూ కలిసే సరిహద్దులో దానంతటదే ఒక విద్యుత్ క్షేత్రం నిలబడుతుంది. వెలుగు కొండెక్కించిన ఎలక్ట్రాన్‌ను ఆ క్షేత్రం ఒక వైపుకే పోనిస్తుంది. కిందికి రావాలంటే దానికి మిగిలిన దారి ఒకటే, మన తీగ. ఆ తీగలో మన ఫ్యాను, మన మోటారు ఉంటాయి. దిగేటప్పుడు వాటిని తిప్పి, మళ్లీ మొదటి చోటికి చేరుతుంది. ఇందులో ఏదీ కాలదు, ఏదీ అరగదు, కదిలే మర ఒక్కటీ లేదు.

వెలుగు పడితే విద్యుత్తు పుడుతుందని ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెకెరెల్ 1839లోనే గమనించాడు. పనికొచ్చే సిలికాన్ సెల్ రావడానికి మాత్రం ఇంకో 115 ఏళ్లు పట్టింది. 1954 ఏప్రిల్‌లో అమెరికాలో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో డేరిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ లోకానికి చూపించిన సెల్ సామర్థ్యం 6 శాతం. అదే ఏడాది సెప్టెంబరులో ఇక్కడ తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో అదే విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో పలుచని పొరల సోలార్ సెళ్ల మీద పరిశోధన సాగింది. ఎక్కడో న్యూజెర్సీలో పుట్టిన విద్యను మన ప్రకాశం రోడ్డు పక్కన పిల్లలు చేతులారా చేసి నేర్చుకున్నారన్నది నాకు గర్వంగా ఉంటుంది. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహం సిలికాన్ సెళ్లతో అంతరిక్షానికి వెళ్లింది. బ్యాటరీతో నడిచే దాని ట్రాన్స్‌మిటర్ కొద్ది కాలానికే మూగబోతే, సెళ్లతో నడిచేది 1964 దాకా పలికింది.

ఇక పెద్దమ్మ ప్రశ్న. కొండ ఉదాహరణే కొనసాగిద్దాం. బస్సుల సంఖ్య కరెంటు, కొండ ఎత్తు వోల్టేజీ. ఈ రెండింటి గుణకారమే మనకు అందే పవర్. ఎండ వెలుగు పెరిగితే బస్సులు పెరుగుతాయి, నిజమే. కానీ సిలికాన్ వేడెక్కితే కొండే కుంగుతుంది. వేడికి పరమాణువులు ఊగిసలాడతాయి, ఎలక్ట్రాన్‌ను కట్టి ఉంచే పట్టు కొంచెం సడలుతుంది, దారి మధ్యలో తిరిగి పడిపోయే ఎలక్ట్రాన్లు విపరీతంగా పెరుగుతాయి. ఫలితంగా ఒక్కో సెల్‌లో వోల్టేజీ ఒక్కో డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున పడిపోతుంది. వినడానికి ఇది చాలా చిన్న అంకె. అయితే ఒక్క సెల్ ఇచ్చేదే 0.6 నుంచి 0.7 వోల్టు. అలాంటివి 72 వరసగా కలిపితే ఒక పెద్ద ప్యానెల్.

ప్యానెల్ వెనక అంటించిన చీటీ మీద 550 వాట్లని రాసి ఉంటుంది. ఆ అంకె సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటిది, అదీ గదిలో దీపం కింద కొలిచినది. తిరుపతిలో రోహిణి కార్తె మధ్యాహ్నం గాలి వేడే 41 డిగ్రీలుంటే, నల్లటి ప్యానెల్ లోపల సెల్ 65 దాటుతుంది. 25 కంటే 40 డిగ్రీలు ఎక్కువ. మామూలుగా దొరికే ప్యానెళ్లలో డిగ్రీకి సుమారు 0.35 శాతం పవర్ తగ్గుతుంది. నలభైతో గుణిస్తే 14 శాతం. అంటే 550 కాస్తా 473. పెద్దమ్మ మిద్దె మీద ఆరు ప్యానెళ్లలో కలిపి 450 వాట్లకు పైగా ఒక్క వేడివల్లే ఆవిరవుతున్నట్టు. ఆమె ప్యానెల్ అడుగున చెయ్యి పెట్టి, "అబ్బా, దోసె పెనం మాదిరి కాల్తా ఉందే" అని వెనక్కి లాక్కుంది. ఆ కాలేదంతా కరెంటు కాలేకపోయిన వెలుగే.

వేడి ఒక్కటే కారణం కాదు. సూర్యుడి దారి కూడా మారింది. తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరాన 13.6 డిగ్రీల మీద ఉంది. అందుకే మన వైపు ప్యానెళ్లను దక్షిణానికి 13, 14 డిగ్రీలు వాల్చి పెడతారు. మార్చి మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా అంతే దక్షిణాన ఉంటాడు, వెలుగు నిటారుగా ప్యానెల్ మీద పడుతుంది. ఏప్రిల్ చివరి వారంలో నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. రోహిణి కార్తెలో దక్షిణానికి వాలిన ప్యానెల్‌కు మధ్యాహ్నపు వెలుగు 20 డిగ్రీలకు పైగా ఏటవాలుగా తగులుతుంది. దాంతో ఆ వేళకు ఆరేడు శాతం పోతుంది. పగలు కాస్త పొడుగైనందువల్ల అందులో కొంత తిరిగొస్తుంది గానీ అంతా రాదు. ఆకాశంలో కమ్ముకున్న దుమ్ము, మసక ఇంకొంత తింటాయి. ఇవన్నీ కలిపితే పద్నాలుగు పన్నెండుగా మారడంలో వింతేమీ లేదు. మిషను చెడిపోలేదు.

మోసం సంగతి అడిగితే మాత్రం, మోసమని అనను గానీ నిర్లక్ష్యం ఉంది. బిగించినవాళ్లు ఒక వరసను నీళ్ల ట్యాంకు పక్కనే పెట్టారు. సాయంత్రం మూడు దాటితే ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మూల మీద పడుతోంది. అరచేయి వెడల్పు నీడేగా అనుకుంటాం. సెళ్లన్నీ ఒకే తీగకు గుచ్చిన పూసల్లా ఉంటాయి, అన్నింటిలోనూ ఒకే కరెంటు పారాలి. నీళ్ల పైపును ఒకచోట కాలితో తొక్కితే పైపంతా నీళ్లు తగ్గినట్టు, నీడ పడిన సెల్ వరసనంతా వెనక్కి లాగుతుంది. పైగా మిగతా సెళ్లు తోసే కరెంటుకు అడ్డుపడి ఆ సెల్ తానే కాలుతుంది. అందుకని ప్యానెల్‌ను మూడు భాగాలు చేసి ఒక్కోదానికి ఒక బైపాస్ డయోడ్ పెడతారు. నీడ పడిన భాగాన్ని పక్కన పెట్టి కరెంటు చుట్టు దారిలో పోతుంది. సెల్ మాడిపోదు, కానీ ఆ మూడో వంతు పవర్ మాత్రం పోయినట్టే. ప్యానెళ్లు బిగించే ముందు ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు మిద్దె ఎక్కి నీడలు ఎక్కడెక్కడ పడుతున్నాయో సున్నంతో గీత గీయండి. ఏ కంపెనీ ప్యానెల్ అన్న చర్చకంటే ఆ గీతలే ఎక్కువ డబ్బు మిగులుస్తాయి.

ఒకసారి విరిగిన ప్యానెల్ నుంచి ఊడిన సెల్ ముక్కను చేతిలో పట్టుకుని చూశాను. అప్పడం కంటే పలుచన. మందం 150 మైక్రాన్ల చిల్లర, అంటే తలవెంట్రుకలు రెండు కలిపినంత. రెండు వేళ్లతో కాస్త వంచితే టిక్కుమని విరిగింది. ముందు వైపు వెంట్రుకంత సన్నని వెండి గీతలు, కరెంటును పోగుచేసే కాలువలు. రంగు ముదురు నీలం. అది సిలికాన్ అసలు రంగు కాదు. పైన పూసిన సిలికాన్ నైట్రైడ్ పొరది. వెలుగు తిరిగి పోకుండా ఆపడానికి మిల్లీమీటరులో పది వేల వంతు కూడా లేని ఆ పొర వేస్తారు. దాని కింద సిలికాన్ ఉపరితలం కంటికి ఆనని కోట్ల పిరమిడ్లతో గరుకుగా ఉంటుంది. ఒక పిరమిడ్ మీద పడి చెదిరిన వెలుగు పక్కదానికి తగిలి లోపలికే పోతుంది.

దీని పుట్టుక ఇసుక జాతిలో. స్వర్ణముఖి ఇసుకలో మెరిసే రవ్వల్లో ఎక్కువ భాగం సిలికాన్, ఆక్సిజన్‌లే. గూడూరు దగ్గర చిల్లకూరు తెల్ల ఇసుకను గాజు తయారీకి తవ్వి తీసుకుపోతారు. సెళ్లకు మాత్రం శుభ్రమైన క్వార్ట్జ్ రాయి కావాలి. దాన్ని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కరిగిస్తే 98, 99 శాతం శుద్ధమైన సిలికాన్ వస్తుంది. మామూలు లోహానికి అది గొప్ప శుద్ధే. సెల్‌కు అది మురికి కింద లెక్క. దాన్ని వాయువుగా మార్చి, వడగట్టి, మళ్లీ ఘనంగా పేర్చి, కోట్ల పరమాణువుల్లో ఒకటో అరో మాత్రమే పరాయిది ఉండే దాకా శుద్ధి చేస్తారు. తర్వాత 1414 డిగ్రీల పైన కరిగించి, ఒక చిన్న విత్తన స్ఫటికాన్ని అందులో ముంచి, తిప్పుతూ మెల్లగా పైకి లాగితే ఒకే స్ఫటికంతో చేసిన స్తంభం తయారవుతుంది. వజ్రపు పొడి అంటించిన సన్నని తీగతో దాన్ని పలకలుగా కోస్తారు. ఈ మొత్తం పనిలో బోలెడు కరెంటు ఖర్చవుతుంది. "చేయడానికి పట్టిన కరెంటే తిరిగి రాదట కదా" అని చాలామంది అంటారు. అది పాతకాలపు మాట. మనలాంటి ఎండ ప్రాంతంలో ఇప్పటి ప్యానెల్ ఏడాది, ఏడాదిన్నరలో ఆ అప్పు తీర్చేసి, తర్వాత పాతికేళ్లు ఇస్తూ ఉంటుంది. నన్ను కలవరపెట్టే విషయం వేరే ఉంది. సిలికాన్ శుద్ధి నుంచి సెళ్లను ప్యానెల్‌గా కూర్చడం దాకా ప్రతి దశలోనూ ప్రపంచంలో 80 శాతానికి పైగా చైనా చేతిలో ఉంది. మన దేశంలో ప్యానెళ్లు కూరుస్తున్నాం, సెళ్లు చేయడమూ పెరుగుతోంది. అసలు కష్టమైన శుద్ధి, స్ఫటికం పెంచడం దగ్గర ఇంకా బాగా వెనకబడి ఉన్నాం.

కొత్తగా కొనేవాళ్లు చీటీలో చూడవలసిన అంకె ఒకటుంది. దాన్ని టెంపరేచర్ కోఎఫిషియెంట్ అంటారు, డిగ్రీకి ఎంత శాతం పవర్ తగ్గుతుందో చెప్పేది. సెల్‌ను చేసే పద్ధతిని బట్టి అది మారుతుంది. పెర్క్ రకానికి అది 0.35 అటూ ఇటూ, టాప్‌కాన్ రకానికి 0.30 దగ్గర, హెటెరోజంక్షన్ రకానికి 0.25 దగ్గర ఉంటుంది. చలి దేశంలో ఈ తేడాకు పెద్ద విలువ లేదు. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి మిద్దెల మీద 40 డిగ్రీల తేడాతో గుణిస్తే, పెర్క్‌లో 14 శాతమయ్యే నష్టం హెటెరోజంక్షన్‌లో 10 అవుతుంది. మదనపల్లె వైపు చల్లటి గాలికి అంత పట్టింపు అక్కర్లేదు.

ఇంకో రెండు సంగతులు పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు. కరెంటు పోయినప్పుడు ఆమె సోలార్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి మన మిద్దె నుంచి షాక్ తగలకుండా, ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తాను ఆగేలా చేశారు, అది లోపం కాదు. పగలు మిగిలింది గ్రిడ్‌కు పోయి, నెట్ మీటర్ లెక్కలో రాత్రి వాడకానికి జమవుతుంది. రెండోది కడగడం. ఆమె మధ్యాహ్నం ఒంటిగంటకు బోరు నీళ్లు చల్లుతోంది. కాగిన గాజు మీద చన్నీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంది. మన బోరు నీళ్లలోని ఉప్పు తెల్లటి మరకలై వెలుగును అడ్డుకుంటుంది. సూర్యుడు రాకముందు, దొరికితే వాన నీళ్లతోనో శుద్ధి చేసిన నీళ్లతోనో, మెత్తటి గుడ్డతో తుడవాలి.

చిల్లర ఇవ్వని కౌంటర్ సమస్యకు ఇప్పుడొక దారి కనిపిస్తోంది. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ అనే ఇంకో పలుచని పొర వేస్తున్నారు. ఎక్కువ రూపాయలున్న నీలం ఫోటాన్‌కు పైన ఖరీదైన టికెట్టు, ఎరుపుకు కింద సిలికాన్ టికెట్టు. 2024లో ప్రయోగశాలలో ఇలాంటి జంట సెల్ 34.6 శాతం అందుకుంది, ఒంటరి సిలికాన్‌కు ఉన్న గీతను దాటేసింది. తేమకు, వేడికి ఆ పై పొర త్వరగా దెబ్బతింటుంది. మన మే నెలను పాతికసార్లు తట్టుకునే దాకా అది మిద్దె ఎక్కకూడదని నా అభిప్రాయం. 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీని కేంద్రం 2024లో ప్రకటించింది కూడా, కాబట్టి జంట సెల్ కోసం ఎదురుచూడకుండా మామూలు సిలికాన్ పెట్టించుకోవడమే మేలు.

అంతా విని పెద్దమ్మ కాసేపు ప్యానెళ్ల చుట్టూ తిరిగింది. కింద వంగి చూసింది. వాటి నీడలో విరిగిన మంచం, రెండు పరుపుల చుట్ట, వేరుశనగ పొట్టు బస్తాలు నాలుగు పేర్చి ఉన్నాయి. వాన తడపదని ఆమే పెట్టించింది. "అయితే నాయనా, దీని కింద గాలి ఆడాల కదా?" అంది.

అవునన్నాను. ఎండ తగ్గాక ఆమె మనవడు, నేను కలిసి బస్తాలు కిందికి దించాం. పరుపులు తీసిన చోట పడమటి గాలి ఒక్కసారిగా ప్యానెళ్ల అడుగున దూరి అటువైపు తేలింది. ట్యాంకును ఉత్తరం మూలకు జరపడానికి ప్లంబర్‌ను ఆదివారం రమ్మని ఆమె అప్పటికే ఫోన్ చేస్తోంది.